ఆల్చిప్ప జీర్ణగ్రంథిలో కాలుష్యం జాడ: రేవు స్తంభం నుంచి స్లైడు దాకా

ఆల్చిప్ప జీర్ణగ్రంథిలో నాళికల గోడ పలచబడింది. స్లైడు చెప్పేది అంతవరకే. ఎందుకు పలచబడిందో అది చెప్పదు. రేవు నీటిలోని నూనె కావచ్చు, రాగి కావచ్చు, నాలుగు రోజుల ఆకలి కావచ్చు, గుడ్లు వదిలేశాక వచ్చే నీరసం కావచ్చు. పట్టిన జీవుల్ని బకెట్లో వేసి రెండు గంటలు ఎండలో ఉంచిన మన నిర్వాకం కూడా కావచ్చు. అందుకే కణజాలాన్ని పలచగా కోసి, రంగు వేసి కాలుష్యం జాడ వెతికే ఈ పనిలో మైక్రోస్కోపు ముందు గడిపే సమయం కన్నా అంతకుముందు పడే శ్రమే ఎక్కువ విలువైనది. మిగతా కారణాల్ని ఒక్కొక్కటిగా పక్కకు తప్పించగలిగితేనే, మిగిలినదాన్ని కాలుష్యం అని రాసే అర్హత వస్తుంది.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది పెర్నా విరిడిస్ అనే పచ్చ ఆల్చిప్ప, తీసుకున్న చోటు విశాఖపట్నం రేవు. ఈ జీవి ఒకచోట అతుక్కుంటే అక్కడే ఉంటుంది, రోజంతా నీటిని వడకట్టుకుంటూ అందులోని లోహాల్నీ నూనెల్నీ ఒంట్లో పోగేసుకుంటుంది. తీరం ఆరోగ్యాన్ని ఆల్చిప్పల ద్వారా కనిపెట్టాలన్న ఆలోచనను సముద్ర రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ 1975లో ముందుకు తెచ్చారు. అమెరికాలో సముద్రాల్నీ వాతావరణాన్నీ పరిశీలించే ప్రభుత్వ సంస్థ నోవా 1986 నుంచి ఇదే పద్ధతిలో తమ తీరాల్ని గమనిస్తూ వస్తోంది. ఇక విశాఖ లోపలి రేవు 1933లో తెరిచినది. సన్నటి కాలువ ద్వారా మాత్రమే సముద్రంతో కలుస్తుంది. మేఘాద్రిగెడ్డ నీరు, నగరపు మురుగు, చుట్టూ ఉన్న పరిశ్రమలు, ముడి ఇనుము, బొగ్గు ఎగుమతి దిగుమతులు అన్నీ ఆ ఇరుకు నీటి చుట్టూనే. నేర్చుకోవడానికి ఇంతకన్నా స్పష్టమైన చోటు దొరకదు. రేవులో అడుగు పెట్టాలంటే పోర్టు అనుమతి కాగితం ముందే తీసుకోవాలి, అది రోజుల తరబడి పట్టే పని.

ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని

రేవులో ఒక చోటు, భీమిలి వైపు రాళ్ల తీరంలో ఒక చోటు తీసుకుని పోల్చేస్తే చాలనుకుంటారు. చాలదు. ఆ రెండు చోట్ల మధ్య అలల తాకిడి, ఉప్పదనం, తిండి, నీటిలో తేలే మట్టి అన్నీ వేరు. ఒక్కో చోట 30 జీవులు తీసుకున్నా లెక్కలో అవి 30 ఆధారాలు కావు, ఒకే చోటు మీద 30 చూపులు. కనీసం మూడు కలుషిత చోట్లు, మూడు శుభ్రమైన చోట్లు ఉండాలి. సిద్ధాంత గ్రంథాలు ఎక్కువగా దెబ్బతినేది ఈ ఒక్క దగ్గరే, అదీ పని అంతా అయిపోయాక.

శుభ్రమైన చోటు అంటే చూడటానికి అందంగా ఉన్న చోటు అని కాదు. అక్కడి ఆల్చిప్పల మాంసంలో రాగి, జింకు, సీసం, కాడ్మియం, వీలైతే నూనె, బొగ్గుల నుంచి వచ్చే పీఏహెచ్‌లనే విష పదార్థాలు కొలిపించి తక్కువని తేలితేనే దాన్ని పోలిక చోటుగా పెట్టుకోవాలి.

ఎన్ని జీవులు కావాలన్నది వెతుకుతున్న జబ్బు ఎంత అరుదో దాన్నిబట్టి ఉంటుంది. 10 శాతం జీవుల్లో ఉన్న జబ్బు ఒక్కసారైనా కంటపడాలంటే, 95 శాతం నమ్మకంతో, దాదాపు 30 కావాలి. 5 శాతం జబ్బుకు 60, 2 శాతానికి 150. కణితుల్లాంటి అరుదైన వాటి గురించి 20 స్లైడులు చూసి "లేవు" అని రాయకూడదు. నాళికల మందం లాంటి, ప్రతి జీవిలోనూ కొలవగల వాటికైతే చోటుకు 30 సరిపోతాయి.

కాలం విషయానికొస్తే, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ తీరంలో ఉప్పదనం నిలకడగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో వానలు, తుపానులు, ఉత్తరం నుంచి దిగివచ్చే మంచినీటి వల్ల ఉప్పదనం పడిపోతుంది. ఆ దెబ్బే మొప్పల మీద కాలుష్యంలా కనిపిస్తుంది. అన్ని చోట్ల నుంచీ ఒకే వారంలో, పోటుపాట్లలో ఒకే దశలో పట్టండి. నాళికలు తిండి వచ్చిపోయే వేళల్ని బట్టి రూపం మార్చుకుంటాయి. పాటు వేళ రెండు గంటలు బయట ఎండిన జీవినీ, ఎప్పుడూ నీట మునిగి ఉండే జీవినీ పోల్చడం ఉపవాసం ఉన్నవాడినీ భోజనం చేసి లేచినవాడినీ పక్కపక్కన నిలబెట్టి బరువు తూచడమే. స్తంభాల మీద, పాటు గీతకు కనీసం అర మీటరు కింద ఉన్నవే తీసుకోండి.

పొడవు 60 నుంచి 70 మి.మీ. మధ్య ఉన్నవి ఏరుకోండి. వయసు పెరిగే కొద్దీ గోధుమ రంగు కణాలు సహజంగానే పెరుగుతాయి, అందుకే పెద్దవీ చిన్నవీ కలపకూడదు. చేత్తో పట్టి లాగేయకండి. అలా లాగితే అతుక్కునే పోగులతో పాటు లోపలి గ్రంథి కూడా చిరిగి ఊడొస్తుంది. పోగుల్ని రాతి దగ్గరే కత్తిరించాలి.

ఒడ్డు నుంచి గది దాకా

బకెట్లో నీళ్లు పోసి తీసుకురావద్దు. మూడు డజన్ల జీవులు కాసేపట్లోనే ఆ నీటిలోని ఆక్సిజన్‌ను ఖాళీ చేసేస్తాయి. సముద్రపు నీటిలో తడిపిన గోనెపట్టాలో చుట్టి ఐసుపెట్టెలో పెట్టండి. ఐసు పొట్లానికీ గోనెపట్టాకూ మధ్య ఒక మందపాటి అట్ట ఉండాలి. ఐసు నేరుగా తగిలితే మొప్పలు దెబ్బతింటాయి. పట్టిన దగ్గర్నుంచి మూడు నాలుగు గంటల్లో కోత పూర్తి కావాలి.

లోహాల విశ్లేషణకు వెళ్లే జీవుల్ని శుభ్రమైన సముద్రపు నీటిలో 24 గంటలు ఉంచి పొట్టలోని మట్టిని వదిలిస్తారు. ఆ అలవాటును కణజాల పరీక్షకు తేవద్దు. ఒక్కరోజు ఆకలికే నాళికల గోడ మారడం మొదలవుతుంది. లోహాలకు వేరే జీవుల్ని కేటాయించండి. వాటిని స్టీలు కత్తితో కోయకండి, కత్తి నుంచి క్రోమియం, నికెల్ అంటుకుంటాయి. ప్లాస్టిక్ లేదా సిరామిక్ కత్తి వాడి, ఆమ్లంతో కడిగిన డబ్బాల్లో మైనస్ 20 డిగ్రీల వద్ద దాచండి.

బతికుండగానే చేయాల్సిన పరీక్ష

కోతకు ముందు ఒక పని ఉంది. న్యూట్రల్ రెడ్ పరీక్ష చౌక, వేగం, కాలుష్యాన్ని ముందుగా పట్టేస్తుంది. రక్తకణాల్లో జీర్ణం చేసే చిన్న సంచులైన లైసోజోములు ఈ ఎర్ర రంగును లోపల ఎంతసేపు పట్టి ఉంచగలవో చూడటమే పరీక్ష. ఆరోగ్యంగా ఉంటే చాలాసేపు ఉంచుతాయి, పొర బలహీనమైతే రంగు కణమంతా కారిపోతుంది.

లీటరు నీటిలో హెపెస్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే బఫరు) 4.77 గ్రా., ఉప్పు 25.48 గ్రా., మెగ్నీషియం సల్ఫేట్ 13.06 గ్రా., పొటాషియం క్లోరైడ్ 0.75 గ్రా., కాల్షియం క్లోరైడ్ 1.47 గ్రా. కలిపి పీహెచ్ 7.36కు సరిచేస్తే ఆల్చిప్పలకు సరిపడే సెలైన్ తయారవుతుంది. న్యూట్రల్ రెడ్ 20 మి.గ్రా. తీసుకుని 1 మి.లీ. డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించి చీకట్లో దాచండి. పరీక్షకు ముందు అందులోంచి 10 మైక్రోలీటర్లు 5 మి.లీ. సెలైన్‌లో కలపాలి.

చిప్పల్ని సన్నటి కత్తి మొనతో కొంచెం తెరిచి, వెనక వైపున్న పెద్ద మూసే కండరంలోకి సూది దించండి. సిరంజిలో ముందే కొంత సెలైన్ ఉండాలి, అంతే పరిమాణంలో రక్తం లాగాలి. మెల్లగా లాగండి, గట్టిగా గుంజితే కణాలు చితికిపోతాయి. సూది తీసేశాకే చుక్కను చల్లటి గొట్టంలోకి వదలండి, సూది గుండా తోస్తే కణాలు మళ్లీ దెబ్బతింటాయి. పాలీ-లైసీన్ పూసిన స్లైడు మీద 40 మైక్రోలీటర్లు వేసి, తడి డబ్బాలో 15 నిమిషాలు ఉంచితే కణాలు అతుక్కుంటాయి. మిగిలిన ద్రవాన్ని వంచేసి, రంగు ద్రావణం 40 మైక్రోలీటర్లు వేసి, కవరుస్లిప్ పెట్టండి. ఆపై ప్రతి 15 నిమిషాలకోసారి చూడాలి. సగం కణాల్లో రంగు లైసోజోముల్లోంచి కారిపోయినట్టు కనిపించిన వేళకు ముందు నమోదు చేసిన సమయమే ఆ జీవి ఫలితం.

ఈ పరీక్షను చెడగొట్టేది ఎక్కువగా వెలుతురే. న్యూట్రల్ రెడ్ వెలుతురులో కణాల్ని చంపుతుంది. మైక్రోస్కోపు దీపాన్ని తగ్గించి, స్లైడుకు ఒక నిమిషం కన్నా ఎక్కువ చూపు ఇవ్వకండి, చూడని వేళ డబ్బా మూసి ఉంచండి. రెండోది ఉష్ణోగ్రత. ఒక చోటి జీవుల్ని ఏసీ గదిలో, ఇంకో చోటివాటిని ఫ్యాను కింద చేస్తే ఫలితాల్ని పోల్చే పనే లేదు. యూరప్ సముద్రాల పర్యవేక్షణలో 120 నిమిషాలు, ఆపైన నిలిస్తే ఆరోగ్యం, 50 లోపైతే తీవ్రమైన ఒత్తిడి అన్న కొలతలున్నాయి. అవి చల్లటి నీళ్లలో పెరిగే మైటిలస్ జాతి మీద కట్టినవి. మన వెచ్చటి నీళ్ల పచ్చ ఆల్చిప్పకు వాటిని అలాగే అంటగట్టకండి. మీ శుభ్రమైన చోట్లలో వచ్చిన సంఖ్యే మీ గీటురాయి.

కోత, నిలవ

వెనక వైపున్న మూసే కండరాన్ని తెంపాక చిప్ప దానంతటదే వదులవుతుంది. కత్తిని లోపల తిప్పకండి, జీర్ణగ్రంథి పగిలి ముద్దైపోతుంది. మాంసాన్ని మొత్తంగా ఊడదీసి తెల్లటి పళ్లెం మీద పెట్టి ఒకసారి కళ్లతో చూడండి. చిప్ప లోపలి వైపు పరుచుకుని ఉండే పొర, అంటే మాంటిల్, పాలమీగడ రంగులో ఉంటే మగది, ఇటుక ఎరుపు లేదా నారింజ రంగైతే ఆడది. రంగు లేకుండా పారదర్శకంగా ఉంటే ఈమధ్యే గుడ్లో వీర్యమో వదిలేసిందన్నమాట. ఇది రాసుకోకపోతే తర్వాత నాళికల మందంలో తేడా ఎందుకొచ్చిందో అంతుపట్టదు. మొప్పల మధ్య బఠాణీ గింజంత పీత దొరికితే అదీ రాయండి, ఆ జీవి మొప్పల్లో గాయాలుంటే మొదటి అనుమానం దాని మీదకే పోవాలి.

ముదురు ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో కనిపించే జీర్ణగ్రంథి మధ్యగా అడ్డంగా ఒక పలక కోయండి. మందం 3 నుంచి 4 మి.మీ., 5 దాటితే ద్రవం నడిమికి చేరేలోపే అక్కడి కణాలు కుళ్లిపోతాయి. ఆ ఒక్క పలకలోనే జీర్ణగ్రంథి, మొప్ప, మాంటిల్, బీజగ్రంథి అన్నీ పడేలా కోయడం నాలుగైదు జీవుల మీద చేయి తిరిగాక వస్తుంది. మొదటి ఐదింటిని లెక్కలోకి తీసుకోకండి.

పలకను వెంటనే డేవిడ్‌సన్ ద్రావణంలో వేయాలి. లీటరుకు 95 శాతం ఇథనాల్ 330 మి.లీ., బజారులో దొరికే 37 శాతం ఫార్మలిన్ 220 మి.లీ., గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం 115 మి.లీ., నీళ్లు 335 మి.లీ. సముద్రజీవులకు ఆ నీళ్ల బదులు వడకట్టిన సముద్రపు నీరు పోస్తే కణాల ఉబ్బు తగ్గుతుంది. కణజాలం పరిమాణానికి కనీసం పది రెట్లు ద్రావణం ఉండాలి. పలకలు పెట్టిన ప్లాస్టిక్ క్యాసెట్లను డబ్బాలో కుక్కి, పైన కాస్త ద్రావణం పోసి మూతపెట్టడం ప్రయోగశాలల్లో రోజూ కనిపించే దృశ్యమే. అలా చేస్తే అడుగున ఉన్న క్యాసెట్లు పనికిరావు. 24 నుంచి 48 గంటల తర్వాత 70 శాతం ఆల్కహాలులోకి మార్చండి. డేవిడ్‌సన్‌లోనే నెలలు వదిలేస్తే ఆమ్లానికి కణజాలం గట్టిపడి, రంగు సరిగా పట్టదు.

డేవిడ్‌సన్ ఆమ్ల ద్రావణం కాబట్టి కణాల్లోని లోహ రేణువులు కరిగిపోతాయి. లోహం ఏ కణంలో ఉందో రంగుతో చూడాలనుకుంటే దీన్ని వాడకూడదు. అప్పుడు లీటరులో ఫార్మలిన్ 100 మి.లీ., నీళ్లు 900 మి.లీ., కాల్షియం క్లోరైడ్ 10 గ్రా., ఉప్పు 25 గ్రా. కలిపిన బేకర్ ద్రావణం మేలు. ఫాస్ఫేట్ బఫరును సముద్రపు నీటిలో కలపకండి, కాల్షియం ఫాస్ఫేట్ తెల్లగా అడుగున పేరుకుంటుంది, బఫరు పనిచేయదు.

బఫరు లేని పాత ఫార్మలిన్ ఇంకో మోసం చేస్తుంది. కణజాలంలో గోధుమ, నలుపు రంగు రేణువులు పుట్టిస్తుంది. కొత్తవాళ్లు వాటిని లిపోఫసిన్ (కణాల్లో పోగయ్యే గోధుమ రంగు వ్యర్థం) అనో మెలనిన్ అనో రాసేస్తారు. రెండు పోలరైజర్ల మధ్య పెట్టి చూస్తే ఫార్మలిన్ రేణువులు మెరుస్తాయి, లిపోఫసిన్ మెరవదు. పిక్రిక్ ఆమ్లం నిండా కరిగిన ఆల్కహాలులో నానబెడితే ఫార్మలిన్ రేణువులు పోతాయి కూడా.

మైనం, కత్తి, రంగు

ఇథనాలుకు ఎక్సైజు అనుమతి తిప్పలు పడలేక మన ప్రయోగశాలలు చాలావరకు ఐసోప్రొపనాల్‌తోనే నీళ్లు తీస్తాయి, దానితో ఇబ్బందేమీ లేదు. 70, 80 శాతాల్లో ఒక్కో గంట, 95లో రెండు మార్పులు, 100లో రెండు మార్పులు, ఒక్కోటి గంట. తర్వాత జైలీన్ రెండుసార్లు, 45 నిమిషాల చొప్పున. జైలీన్‌లో వదిలేసి ఇంటికెళ్లిపోతే పొద్దునకు కణజాలం అప్పడంలా పెళుసవుతుంది. కరిగిన మైనంలో గంట చొప్పున మూడు మార్పులు. విశాఖ వేసవికి 58 నుంచి 60 డిగ్రీల మైనం తీసుకోండి. అంతకన్నా మెత్తటిదైతే కోసేటప్పుడు వచ్చే పలచటి మైనం పట్టీ, అంటే రిబ్బను, ముడతలు పడి కుదించుకుపోతుంది. కోతకు ముందు కణజాలం ఉన్న మైనం దిమ్మను, అంటే బ్లాకును, ఐసు మీద పది నిమిషాలు బోర్లించండి.

5 మైక్రాన్ల మందం కోయాలి. రేవు ఆల్చిప్పల పొట్టలో ఇసుక, ఖనిజపు ధూళి ఉంటాయి. రిబ్బను పొడవునా నిలువు గీతలు పడుతుంటే కోత యంత్రాన్ని (మైక్రోటోమ్‌ను) తిట్టకండి, ఒక ఇసుక రేణువు బ్లేడు అంచును తిన్నది. బ్లేడును పక్కకు జరిపి, బ్లాకును ఇంకో 100 మైక్రాన్లు లోతుకు దించి మళ్లీ ప్రయత్నించండి. రిబ్బనును తేలించే నీటితొట్టి 42 నుంచి 45 డిగ్రీలు. అంతకన్నా వేడైతే కణాల మధ్య పగుళ్లు వస్తాయి, వాటిని వాపు అని చదువుతారు.

రంగుకు హ్యారిస్ హెమటాక్సిలిన్ 5 నిమిషాలు, కుళాయి నీరు, ఒక శాతం ఆమ్లం కలిపిన ఆల్కహాలులో రెండు మూడు ముంచులు, మళ్లీ నీరు, నీలి రంగు తేలే దాకా సోడియం బైకార్బొనేట్ ద్రావణం, ఇయోసిన్ ఒక నిమిషం. తర్వాత ఆల్కహాలు మెట్లు, జైలీన్, చివర కవరుస్లిప్ అంటించే డీపీఎక్స్. హెమటాక్సిలిన్ మీద తేలే లోహపు మెరుపు పొరను ప్రతి ఉదయం వడకట్టాలి. లేదంటే స్లైడు నిండా నీలి చుక్కలు పడి, పరాన్నజీవుల్లా భయపెడతాయి.

ఏం చూడాలి

ముందు చూడాల్సింది జబ్బు కాదు, కుళ్లు. జీవి చచ్చాకో నిలవ ద్రవం ఆలస్యంగా చేరాకో కణాలు విడిపోతే కేంద్రకాలన్నీ ఒకేలా వెలిసిపోయి ఉంటాయి, నాళికల లోపల కణాలు గుంపులుగా రాలి ఉంటాయి, చుట్టూ ఒక్క రక్తకణం కూడా పరుగెత్తుకొచ్చిన జాడ ఉండదు. బతికుండగా తగిలిన దెబ్బకు శరీరం స్పందిస్తుంది. హీమోసైట్లు, అంటే రక్తకణాలు, అక్కడికి చేరతాయి, కొన్ని నాళికలు చెడి కొన్ని బాగుంటాయి. ఒక బ్యాచ్‌లోని జీవులన్నీ ఒకే తీరుగా చెడి ఉంటే, రేవును కాదు, మీ ఐసుపెట్టెను అనుమానించండి.

ఆరోగ్యంగా ఉన్న నాళికను అడ్డంగా కోస్తే లోపలి ఖాళీ సన్నగా, మూడు లేదా నాలుగు కొనల నక్షత్రంలా ఉంటుంది. పొడవైన జీర్ణకణాలు గోడంతా నిండి ఉంటాయి, మూలల్లో ముదురు నీలం రంగు పట్టిన చిన్న కణాలు ముడుచుకుని ఉంటాయి. దెబ్బతిన్న నాళికలో జీర్ణకణాలు పొట్టివైపోతాయి, నక్షత్రం గుండ్రటి రంధ్రంగా తెరుచుకుంటుంది, జీర్ణకణాలు తగ్గడం వల్ల నీలి కణాల వాటా పెరిగినట్టు కనిపిస్తుంది. నోవా వాళ్లు దీన్ని 0 నుంచి 4 దాకా అంచెలుగా గుర్తిస్తారు. 0 అంటే గోడ మందం మామూలు. 1 అంటే తగ్గింది కానీ సగానికి పైనే ఉంది. 2 అంటే దాదాపు సగం. 3 అంటే సగం లోపు. 4 అంటే దాదాపు అన్ని నాళికల గోడలూ కాగితంలా పలచనైపోయాయి.

అంచె గుర్తించడంతో ఆగకుండా కొలవండి కూడా. ఫొటోల మీద కొలతలు తీసే ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. స్టేజి మైక్రోమీటరుతో పిక్సెళ్లను మైక్రాన్లుగా మార్చుకుని, జీవికి 20 నాళికల్లో గోడ మందం, ఖాళీ వ్యాసార్ధం కొలిచి నిష్పత్తి తీయండి. ఏటవాలుగా తెగిన నాళికలో గోడ ఉన్నదానికన్నా మందంగా కనిపిస్తుంది. ఒక దిక్కున పొడవు ఇంకో దిక్కుకు రెట్టింపు దాటిన నాళికల్ని వదిలేయండి. "బాగా కనిపిస్తున్న" నాళికల్ని ఏరుకోవడం కూడా తప్పే. స్లైడు ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి దారిలో తగిలినవాటిని వరసగా తీసుకోవాలి.

మొప్పల్లో తంతువుల అంచున ఉండే నూలుపోగుల్లాంటి సీలియా రాలిపోవడం, పక్కపక్క తంతువులు అతుక్కుపోవడం, వాటి మధ్య కాలువల్లో హీమోసైట్లు కిక్కిరిసి ఉండటం చూడండి. పైపొర కింద ఖాళీ ఏర్పడి లేచినట్టుంటే, అది ఉప్పదనం సరిపోని నిలవ ద్రావణం చేసిన పని కావచ్చు. బీజగ్రంథిలో గుడ్లు పగిలి కరిగిపోతున్న సంచుల్ని లెక్కించండి. సంధాయక కణజాలంలో గోధుమ రంగు కణాలు, హీమోసైట్లు ఉండలుగా చుట్టుకున్న గ్రాన్యులోసైటోమాలు ఉంటాయి. గోధుమ కణాల్లోనిది లిపోఫసినేనా అని తేల్చడానికి ష్మోర్ల్ రంగు వేస్తే ముదురు నీలం పడుతుంది. ఇనుమేమోనన్న అనుమానానికి పెర్ల్స్ రంగు వేయండి. ముడి ఇనుము ధూళి పడే రేవులో ఈ రెండో రంగు మానేయడం పొరపాటు.

తర్వాత పరాన్నజీవులు. మొప్పల హీమోసైట్లలో నెమటోప్సిస్ తిత్తులు గింజల్లా కనిపిస్తాయి, సాధారణంగా పెద్ద హాని చేయవు. బీజగ్రంథి మొత్తం గొట్టాల్లాంటి సంచులతో నిండి, గుడ్లూ వీర్యమూ మచ్చుకైనా లేకపోతే అది బుసెఫాలిడ్ ట్రెమటోడ్ అనే పరాన్న పురుగు. ఆ జీవిని "కాలుష్యం వల్ల బీజగ్రంథి క్షీణత" లెక్కలో కలపడం పచ్చి తప్పు. పెర్కిన్సస్ అనుమానం వస్తే, కేంద్రకం ఒక పక్కకు జరిగి ఉంగరంలా ఉన్న కణాలు హీమోసైట్ల గుంపులో కనిపిస్తే, మొప్ప ముక్కను థయోగ్లైకొలేట్ మాధ్యమంలో చీకట్లో కొన్ని రోజులు పెంచి, అయోడిన్ వేసి చూడాలి. నీలం, నలుపు గోళాలు కనిపిస్తే ఉన్నట్టే. కాలుష్యం వల్ల రోగనిరోధకత తగ్గి పరాన్నజీవులు పెరగవచ్చు, అదే విషం పరాన్నజీవినే ముందు చంపేయనూ వచ్చు. కాబట్టి పరాన్నజీవుల సంఖ్యను విడి గడిలో రాయండి, జబ్బు సూచీలో కలపకండి.

చదివే పద్ధతి

స్లైడు మీద చోటు పేరు ఉండకూడదు. కోసినవాళ్లు కాక మరొకరు స్లైడులకు కలగాపులగంగా అంకెలు వేసి, తాళం కాగితాన్ని తమ దగ్గర పెట్టుకోవాలి. "ఇది లోపలి రేవుది" అని తెలిసిన కంటికి ప్రతి నాళికా పలచగానే కనిపిస్తుంది. ఇద్దరు విడివిడిగా చదవాలి, అంకెలు రెండు మెట్లు తేడా వస్తే కలిసి కూర్చుని చూడాలి. 60 స్లైడులు దాటాక మొదటి పదింటిని మళ్లీ చదవండి. కన్ను అలవాటు పడే కొద్దీ కొలబద్ద జారుతుంది.

జబ్బు ఉందా లేదా అన్న శాతాలకు ఫిషర్, 0 నుంచి 4 అంచెలకు మాన్-విట్నీ అనే గణాంక పరీక్షలు వాడండి. అంచెల సగటు తీసి 2.37 అని రాయడంలో అర్థం లేదు. ఏ అంచెలో ఎన్ని జీవులున్నాయో చెప్పండి. చోట్ల మధ్య తేడాకు మాత్రం చోటునే ఒక ఆధారంగా లెక్కించాలి, జీవిని కాదు.

చేపల మీద ఇదే పని

నది సముద్రంలో కలిసే ఎస్చురీల్లో ముగిల్ సెఫాలస్ లాంటి చేపల మీద చేయాలనుకుంటే కాలేయం ముఖ్యం. ఆల్చిప్పలకు పనికొచ్చిన గంటల గడువు ఇక్కడ లేదు. చేప ప్రాణం పోయిన ఐదు పది నిమిషాల్లో కాలేయపు ముక్క ద్రవంలో పడాలి. బజారులో కొన్న చేప దీనికి పనికిరాదు. పిత్తసంచి చిట్లితే తగిలిన ముక్కనంతా పారేయండి. గుడ్లు పెట్టే కాలంలో ఆడచేపల కాలేయం సహజంగానే రూపు మారుతుంది కాబట్టి ఆడా మగా విడివిడిగా పోల్చండి. రంగు వ్యర్థాల్ని మింగిన రక్షక కణాల గుంపులు, అంటే మెలనోమాక్రోఫేజ్ కేంద్రాలు, కాలుష్యంతో పెరుగుతాయి, కానీ వయసుతోనూ ఆకలితోనూ కూడా పెరుగుతాయి. బెర్నెట్ పద్ధతిలో ప్రతి మార్పు తీవ్రతకు 0, 2, 4, 6లో ఒకటిస్తారు, దాని ప్రాముఖ్యాన్ని బట్టి 1 నుంచి 3తో గుణిస్తారు, అన్నీ కూడితే అవయవానికి సూచీ వస్తుంది.

ఈ రకమైన పని ఎంతదాకా వెళ్లగలదో చూడాలంటే అమెరికాలోని ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ చాలు. అక్కడి ఈగిల్ హార్బర్‌లో కలపకు పట్టించే క్రియోసోట్ అనే తారు నూనెతో చెడిన అడుగు మట్టి మీద 1993 నుంచి శుభ్రమైన ఇసుక పొర కప్పారు. ఆ తర్వాత ఏళ్లలో ఇంగ్లిష్ సోల్ చేపల కాలేయ గాయాలు తగ్గుతూ వచ్చాయి. కారణం తొలగిస్తే గాయం తగ్గడం, స్లైడు నుంచి రాబట్టగల సాక్ష్యాల్లో అన్నిటికన్నా గట్టిది. అందుకే మీ చోట్లను ఒక్కసారి చూసి వదిలేయకుండా ఏటా అదే నెలలో మళ్లీ పట్టండి.

వాడిన ఫార్మలిన్, జైలీన్ సింకులో పోయకండి, వేర్వేరు సీసాల్లో పట్టి ప్రమాదకర వ్యర్థాల కింద అప్పగించండి. కొలవగా మిగిలిన రేవు ఆల్చిప్పల్ని ఎవరూ వండుకోకుండా చూడండి. బ్లాకుల కోసిన ముఖం మీద కరిగిన మైనం ఒక పూత వేసి, మూత గట్టిగా పట్టే డబ్బాలో చల్లటి అలమారాలో పెట్టండి. పూత వేయకపోతే బొద్దింకలు మైనాన్ని వదిలేసి జీర్ణగ్రంథిని మాత్రం శుభ్రంగా తొలిచి తింటాయి.